చక్రాలున్నాయి, నేల లేదు

మా గురించి రాసేవాళ్లు మా బతుకులో దేన్నీ వదల్లేదు. దర్గాలు రాశారు. కవ్వాలీ రాశారు. బిర్యానీ, బురఖా, తలాక్, పంక్చర్ దుకాణం, గల్లీలో మురికినీళ్లు, అన్నీ రాశారు. ప్రేమతో రాసినవాళ్లున్నారు, జాలిపడి రాసినవాళ్లున్నారు, అనుమానంతో రాసినవాళ్లూ ఉన్నారు. తర్వాత మేమే కలం పట్టుకున్నాం. మా ఆకలి రాసుకున్నాం. మా అవమానం రాసుకున్నాం. కానీ మేం ఆడుకున్నామని మాత్రం ఎవరూ రాయలేదు. మేమూ రాసుకోలేదు. ఇన్ని బాధలుండగా ఆట గురించి రాయడమేంటని మాకే సిగ్గేసింది.

ఈసారి ఆ సిగ్గు పక్కన పెడుతున్నాం. ఆట గురించే రాస్తున్నాం. అదీ స్కేటింగ్ గురించి, స్కేటింగ్ రింకుల గురించి. మీకు నవ్వు రావచ్చు. హయత్‌నగర్ మెకానిక్ పిల్లలకి స్కేటింగేంటని మా అమ్మీ కూడా నవ్వింది. నవ్వండి. నవ్వాక వినండి.

హయత్‌నగర్ పాతబస్తీ కాదు. ఈ మాట ముందే చెప్పాలి. హైదరాబాద్ ముస్లింలనగానే చార్మినార్ చుట్టూ తిరిగి ఆగిపోయే మిత్రులు చాలామంది. మేం విజయవాడ రోడ్డు ముస్లింలం. మా చిన్నప్పుడు ఇది నగరం కాదు, ఊరు. దిల్‌సుఖ్‌నగర్ పోతే పట్నం పోయినట్టే. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. మా ఉర్దూ విని పాతబస్తీ చుట్టాలు నవ్వేవాళ్లు. మా తెలుగు విని బళ్లో సార్లు "మీరు తెలుగు మంచిగ మాట్లాడతరే!" అని మెచ్చుకునేవాళ్లు. పుట్టి పెరిగిన ఊళ్లో మాట్లాడే భాషకి కూడా మెప్పు ఎందుకు దొరుకుతుందో మాకు చాన్నాళ్లు అర్థం కాలేదు.

మా అబ్బా ఆటోనగర్‌లో లారీలు బాగుచేసేవాడు. సొంత షెడ్డు లేదు, సేఠ్ దగ్గర పని. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన జేబులో ఏదో ఒకటి ఉండేది. మిగతా పిల్లల నాన్నలు బిస్కెట్లు తెచ్చేవాళ్లు, మా అబ్బా అరిగిపోయిన బేరింగులు తెచ్చేవాడు. డీజిల్‌లో కడిగి, పాత బనీను గుడ్డతో తుడిచి మా చేతిలో పెట్టేవాడు. చూపుడువేలికి తొడిగి రెండో చేత్తో ఒక్కసారి తిప్పితే అది సన్నగా పాడుకుంటూ చాలాసేపు తిరిగేది. మాకు తెలిసిన మొదటి బొమ్మ అదే.

ఆ బేరింగులతో బండి చేసుకునేవాళ్లం. మా వయసువాళ్లకి ఎరుకే. కూచోవడానికి ఒక చెక్కపలక. దాని వెనక అడ్డంగా ఒక కట్టె, ఆ కట్టె రెండు చివర్లా రెండు బేరింగులు. ముందు ఇంకో కట్టె, దానికి ఒకటే బేరింగు. ముందు కట్టెకి నడుమ బోల్టు బిగించి వదిలితే కాళ్లతో ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. ఒకరు కూచుంటే ఒకరు వెనక నుంచి తోసేవాళ్లు. తారు రోడ్డు వాలు మీద పోతుంటే గల్లీ గల్లీ అదిరేది. పగటి నిద్ర పోయేవాళ్లంతా బయటికొచ్చి మా ఖాందాన్ మొత్తాన్ని తలుచుకునేవాళ్లు.

ఆ బండి మీద మాలో అందరికంటే బాగా నిలబడేది మా ఆపా. కూచోవడం కాదు, నిలబడడం. మేమంతా కూచుని రెండు చేతుల్తో పలక పట్టుకుంటే, తను పలక మీద ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి, చున్నీ నడుముకి కట్టుకుని, మోకాళ్లు కొంచెం వంచి నిలబడేది. మలుపు వచ్చిందంటే ఒంటిని అటు వాల్చేది. ఎవరూ నేర్పలేదు. అప్పుడు తనకి తొమ్మిదో పదో ఉంటాయి.

ఇబ్బందల్లా నేలతోనే. మా గల్లీ మొరం గల్లీ. మొరం మీద లారీ పోతుంది, ఆటో పోతుంది, సైకిల్ పోతుంది. బేరింగు పోదు. చక్రం ఎంత చిన్నదైతే రాయి అంత పెద్దదైపోతుంది. లారీ టైరు కింద కనబడనే కనబడని గులకరాయి మా బండికి గోడలా అడ్డం నిలిచేది. బండి ఆగేది, మేం ఆగేవాళ్లం కాదు. ముందుకెగిరి మోకాళ్లు, మోచేతులు చీరుకునేవి. తారు రోడ్డంటే అది హైవే. అక్కడ లారీలు. కాబట్టి మాకు ఆడుకోవడానికి దొరికింది హైవే నుంచి ఊళ్లోకి దిగే ఒక చిన్న వాలు మాత్రమే. అదీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు.

నున్నటి నేలంటే మాకెంత మోజో ఎలా చెప్పాలి? పెళ్లికి పిలుపొస్తే అందరూ దావత్‌లో ఏం పెడతారని అడిగేవాళ్లు. మేం ఫంక్షన్‌హాలు నేల ఎలాంటిదని అడిగేవాళ్లం. పాలరాయి అయితే చెప్పులు విప్పేసి ఈ చివర నుంచి ఆ చివరకి జారుడే. బళ్లో వరండా షాబాద్ బండలది. బండలు నున్నగానే ఉండేవి, కానీ బండకీ బండకీ మధ్య సందులు. మసీదు సహన్‌లో వజూ చేసిన తడికాళ్లతో జారబోతే పెద్దల చేతి మొట్టికాయ తప్పేది కాదు. నేలని చూసి ఆశపడ్డ పిల్లలం మేం.

అలాంటి మేం రింకుని మొదటిసారి చూసింది ఇందిరాపార్క్‌లో. తొంభైల చివర, ఒక రంజాన్ పండగ మర్నాడు. అబ్బా మమ్మల్ని బస్సెక్కించి కోఠీ దాకా, అక్కణ్నుంచి ఇంకో బస్సులో దోమల్‌గూడ దాకా తీసుకుపోయాడు. జేబుల్లో ఈదీ పైసలు, ఒంటిమీద కొత్తబట్టలు. ఇందిరాపార్క్‌కి 1975లో పునాదిరాయి వేసింది అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్, జనానికి తెరిచింది 1978లో. ఆ సంగతి తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రోజు మాకు తెలిసింది ఒక్కటే: ఈ లోకంలో పిల్లలు జారడానికే ఒక నేల కట్టిపెట్టారని.

సందు లేదు, రాయి లేదు, గుంత లేదు. చుట్టూ పట్టుకోవడానికి కమ్మీలు. లోపల మా ఈడు పిల్లలు తెల్లటి బూట్లకి నాలుగేసి చక్రాలతో గుండ్రంగా తిరుగుతున్నారు. మాకు అలవాటైన చప్పుడే, కానీ మెత్తగా. కొందరు వెనక్కి పోతున్నారు. ఒక అమ్మాయి ఒంటికాలి మీద తిరిగింది. మా ఆపా కమ్మీ పట్టుకుని కళ్లార్పకుండా చూసింది.

ఒక పిల్లవాడు మా పక్కకొచ్చి కూచుని స్కేటు విప్పాడు. చక్రం సరిగ్గా తిరగడం లేదని వాళ్ల నాన్నకి చెబుతున్నాడు. మా అబ్బా ఊరుకోలేకపోయాడు. "జరా ఇట్లియ్యి బాబూ" అని స్కేటు తీసుకుని, చక్రాన్ని వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "బేరింగుల ఇసుక దూరింది సార్. డీజిల్‌ల కడిగి, ఆరబెట్టి, ఒక్క చుక్క మిషన్ ఆయిల్ ఎయ్యిన్రి" అన్నాడు. ఆయన సంతోషపడ్డాడు. "మీరు మెకానిక్కా?" అన్నాడు. అబ్బా మావైపు చూసి మీసం మీద చెయ్యేసుకున్నాడు.

అప్పుడు తెలిసింది మాకు. ఒక్కో చక్రంలో రెండేసి బేరింగులు. స్కేటుకి నాలుగు చక్రాలు, అంటే ఎనిమిది. జతకి పదహారు. లోపల రంధ్రం ఎనిమిది మిల్లీమీటర్లు, వెలుపల ఇరవై రెండు, మందం ఏడు. 608 నంబరు బేరింగు. మా అబ్బా జేబులో వచ్చే బేరింగులకి అది చిన్న తమ్ముడు. ఇంతకాలం మేం ఆడుకున్నదీ, వీళ్లు ఆడుకుంటున్నదీ ఒకే ఇనుపగుండ్ల మీద.

ఆ రోజు మమ్మల్నెవరూ పొమ్మనలేదు. ఇది నిజం, నిజమే రాయాలి. అడిగి లోపలికి పోదామని మాకే తోచలేదు. మా దగ్గర స్కేట్లు లేవు, ఉన్నా వేసుకుని లోపలికి దిగే ధైర్యం లేదు. కొన్ని తలుపులు మూసి ఉండవు. అయినా అవి మనకోసం కాదని మనకి ఎవరో పుట్టకముందే చెప్పి ఉంచుతారు.

ఇంటికొచ్చి మేం ఊరుకోలేదు. పాత రబ్బరు చెప్పుల కింద చెక్కలు కొట్టి, చెక్కలకి బేరింగులు బిగించి సొంత స్కేట్లు చేశాం. మా మొరం గల్లీలో రెండడుగులు కూడా పోలేదు. నోట్లోంచి రక్తం వచ్చేలా పడ్డాం. అబ్బా చెక్కలు విప్పి చూసి అన్నాడు: "చక్రం తప్పు లేదు బేటా. నేల తప్పు."

ఆ మాటని మేం ఇన్నేళ్లుగా మోస్తున్నాం. చదువు దగ్గర, ఉద్యోగం దగ్గర, అద్దె ఇల్లు దగ్గర, ఎక్కడ పడ్డా గుర్తొస్తూనే ఉంది. అందరూ మా చక్రాలనే పరీక్షిస్తారు. మీకు చదువు మీద శ్రద్ధ లేదంటారు, మీ ఆడవాళ్లని బయటికి పంపరంటారు, మీరు కలిసిపోరంటారు. మా కాళ్ల కింద నేల ఎలాంటిదో ఒక్కరూ వంగి చూడరు.

పెద్దయ్యాక ఈ ఆట పుట్టుపూర్వోత్తరాలు వెతికాం. నాలుగు చక్రాల స్కేటుని ఇప్పుడున్న రూపానికి తెచ్చింది న్యూయార్క్‌కి చెందిన జేమ్స్ ప్లింప్టన్, 1863లో. అంతకుముందు స్కేట్లు నేరుగా పోవడానికే పనికొచ్చేవి. ఆయన చక్రాలకీ అడుగుకీ మధ్య రబ్బరు పెట్టి, ఒంటిని ఎటు వాలిస్తే అటు తిరిగేలా చేశాడు. మా ఆపా బండి మీద నిలబడి వాలిందే, అదే సూత్రం. 1866లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో ఒక హోటలు భోజనాల గదిని రింకుగా మార్చాడు. ఎవరికోసం? మర్యాదస్తుల కోసం. చదువుకున్న, నాగరికులైన కుటుంబాలు వచ్చే చోటుగా దాన్ని నిలబెట్టాలని ఆయన తపన. అంటే రింకు పుట్టినప్పుడే దానికో ద్వారం పుట్టింది, ద్వారం దగ్గర ఒక చూపు పుట్టింది.

ఆ ద్వారాన్ని కొంత వదులు చేసింది బేరింగే. 1884లో లెవంట్ రిచర్డ్‌సన్ అనే అతను స్కేటు చక్రాల్లో ఉక్కు గుండ్ల బేరింగులకి పేటెంటు తీసుకున్నాడు. ఆట తేలికైంది. ఫ్యాక్టరీల్లో స్కేట్లు గుట్టలుగా తయారయ్యాయి, ధర తగ్గింది, పనిచేసుకునేవాళ్లు కూడా రింకుకొచ్చారు. కానీ అందరూ కాదు.

షికాగోలో వైట్ సిటీ అనే రింకు ఉండేది. పేరే చూడండి. దాని చుట్టూ నల్లవాళ్లు కాపురముంటున్నా వాళ్లని లోపలికి రానిచ్చేవారు కాదు. 1940లలో కోర్ అనే పౌరహక్కుల సంస్థవాళ్లు, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి, ఆ గుమ్మం ముందు నిలబడ్డారు. చివరికి 1946లో తలుపు తెరుచుకుంది. చాలా రింకులు అదీ చేయలేదు. వారంలో ఒక రాత్రి మీదని నల్లవాళ్లకి విదిలించాయి. 1963 ఆగస్టులో మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడిన వాషింగ్టన్ మహాప్రదర్శనకి లెడ్జర్ స్మిత్ అనే నల్ల యువకుడు షికాగో నుంచి స్కేట్లు కట్టుకుని బయల్దేరాడు. దాదాపు పదకొండువందల కిలోమీటర్లు, పది రోజులు. రింకులోకి రానివ్వని దేశంలో అతను దేశం రోడ్లనే రింకు చేసుకున్నాడు. ఇది చదివిన రోజు మాకు మా హైవే గుర్తొచ్చింది.

మా కథ వాళ్ల కథ ఒకటి కాదు, తెలుసు. మా గుమ్మాలకి బోర్డులుండవు. మాకు పెట్టే పరీక్షలు వేరు. క్రికెట్‌నే తీసుకోండి. 1996 మార్చి 9న బెంగుళూరులో ఇండియా, పాకిస్తాన్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. కెప్టెన్ మా హైదరాబాద్ అజహరుద్దీన్. మేం నఖాలు కొరుక్కుంటూ ఇండియా గెలవాలని చూశాం. అయినా తర్వాత బళ్లో అడిగారు, "నిజం చెప్పున్రి, మీరు ఎవరి దిక్కు?" అని. నవ్వుతూనే అడిగారు. అప్పట్నుంచి ఆ మ్యాచ్ ఉన్నరోజు మా ఇంట్లో టీవీ శబ్దం ఎంత ఉండాలో కూడా ఆలోచించుకునేవాళ్లం. ఎక్కువైతే ఎందుకంటారు, తక్కువైతే ఎందుకంటారు.

స్కేటింగ్ మాకు ఎందుకు నచ్చిందో ఇప్పుడనిపిస్తుంది. అందులో "దిక్కు" లేదు. ఒంటి బరువు, చక్రం, నేల, అంతే. పడితే నువ్వే పడ్డావు, నిలబడితే నువ్వే నిలబడ్డావు. ఎవరి తరఫునో రుజువు ఇవ్వక్కర్లేని ఆట ఒక్కటైనా పిల్లలకి ఉండాలి కదా!

ఇక్కడిదాకా బయటివాళ్ల సంగతి. ఇక మా సంగతి.

మా ఆపా పన్నెండో ఏట బండి దిగింది. దింపారు. ఒకరోజు సాయంత్రం అమ్మీ వాకిట్లోకొచ్చి, "బస్ బేటీ, ఇంక నక్కో" అంది. అంతే. తిట్టలేదు, కొట్టలేదు, కారణం చెప్పలేదు. ఆపా లోపలికి పోయింది. మేం కాసేపు చూసి బండి తోసుకుంటూ పోయాం. అది మేం చేసిన ద్రోహమని అప్పుడు తెలియలేదు. ఎవరూ "ఎందుకు?" అనలేదు. అబ్బా అనలేదు. మేమూ అనలేదు. బండి ఖాళీ అయితే మాకు ఎక్కువ రౌండ్లు దొరుకుతాయని లోలోపల సంతోషపడ్డాం కూడా.

మేం ఉంటున్న ఊరి పేరు చూడండి. హయత్ అంటే జీవితం. ఈ ఊరికి ఆ పేరు హయత్ బక్షీ బేగం వల్ల వచ్చింది. ముహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, సుల్తాన్ ముహమ్మద్ భార్య, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. 1626లో కొడుకు చిన్నతనంలో గద్దెనెక్కితే రాజ్యాన్ని వెనక నుంచి నడిపింది ఆమె. ఈ ఊళ్లో ఆమె పేరుతో మసీదు ఉంది, పక్కన ఏనుగులతో నీళ్లు తోడించారని చెప్పే హాథీ బావి ఉంది. ఒక ఆడమనిషి పేరు పెట్టుకుని నాలుగువందల ఏళ్లుగా గర్వపడుతున్న ఊళ్లో, ఒక ఆడపిల్ల చెక్కపలక మీద నిలబడడానికి పన్నెండేళ్ల వరకే అనుమతి! ఈ మాట బయటివాళ్లు అంటే మాకు కోపమొస్తుంది. అందుకే మేమే అంటున్నాం.

ఇప్పుడు ఆపా కూతురికి పదమూడేళ్లు. మూడేళ్లుగా స్కేటింగ్ నేర్చుకుంటోంది. బళ్లో ఎవరో పిల్ల స్కేట్లు తెస్తే ఒకరోజు వేసుకుని చూసిందట, పడలేదట. ఆ "పడలేదట" అన్న మాట ఆపా ఎలా చెప్పిందో మేం మర్చిపోలేం.

కోచింగ్‌లో చేర్చడానికి మేమే వెంటపోయాం. ఎక్కడో చెప్పం, ఒకచోట. ఫారం నింపుతుంటే పేరు చూసి అక్కడి మనిషి తల ఎత్తాడు. "మీవాళ్లు ఒప్పుకుంటారా?" అన్నాడు. మంచిగానే అడిగాడు. ఎదురుగా కూచున్న మేం ఆ పిల్ల వాళ్లం కాకపోతే మరెవరం? ఇంటికొస్తే మా చుట్టాలూ అదే అడిగారు. అటునుంచి: "వాళ్ల నడుమ మన పిల్ల ఎందుకు?" అక్కడ మేం "మీవాళ్లు", ఇక్కడ అందరూ "వాళ్లు". నడుమ మా పిల్ల చక్రాల మీద నిలబడి ఉంది.

స్కార్ఫ్ గురించి కూడా పేచీ వచ్చింది. వదులు గుడ్డ చక్రాల్లో పడితే ప్రమాదమన్నారు. అది న్యాయమైన మాటే. హెల్మెట్ కింద సరిపోదన్నారు. అది ఆలోచించని మాట. ఆపా పలచని బనీను గుడ్డ తెచ్చి, తలకి అతుక్కునే టోపీలా ఒక రాత్రిలో కుట్టింది. దానిమీద హెల్మెట్ సరిగ్గా కూచుంది. అంతటితో అయిపోయింది. ఫుట్‌బాల్‌లో తలకప్పుకోవడాన్ని ఫిఫా 2014లో ఒప్పుకుంది, బాస్కెట్‌బాల్ సంస్థ ఫీబా 2017లో ఒప్పుకుంది. రేపు ఆ పిల్ల టోపీ వద్దనుకుంటే అది తన ఇష్టం. ఉంచుకుంటే అదీ తన ఇష్టమే. తీసెయ్యమని బయట ఒకరు, ఇంకా పొడుగు చెయ్యమని లోపల ఒకరు, ఇద్దరూ ఆ పిల్ల తల మీదే చేతులు పెడుతున్నారు. కాళ్లవైపు ఎవరూ చూడరు.

మావాళ్లలో కొందరు మధ్యేమార్గం చెప్పారు. ఆడపిల్లలకి వేరే టైమింగ్ పెట్టిస్తే పంపొచ్చన్నారు. మేం దీని మీద చాలా కొట్లాడుకున్నాం. ఆ గంట వల్ల పది మంది పిల్లలు గడప దాటుతారంటే ఆ గంట కావాల్సిందే. కానీ షికాగో గుర్తొచ్చి భయమేసింది. వారంలో ఒక రాత్రి మీదే అన్నారంటే, మిగతా ఆరు రాత్రులు మీవి కావని కూడా అన్నట్టే. వేరే గంట లోపలికి రావడానికి తలుపైతే సరే. అదే గోడైపోతే వద్దు.

కాబూల్‌లో 2007లో స్కేటిస్తాన్ అనే సంస్థ పిల్లలకి స్కేట్‌బోర్డు నేర్పడం మొదలుపెట్టింది. అక్కడ ఆడపిల్లలు సైకిల్ తొక్కితే తప్పు. స్కేట్‌బోర్డు అంటే ఏంటో ఎవరికీ తెలియదు గనక దాన్ని వద్దని ఎవరూ అనలేదు. ఆ సందులోంచి వందలమంది ఆడపిల్లలు ఆటలోకి వచ్చేశారు. 2021 ఆగస్టులో తాలిబన్లు మళ్లీ వచ్చాక ఆ తలుపులు మూతపడ్డాయి. మతం పేరు చెప్పి మూసినవాళ్లకి ఆ చక్రాలు ఏం అపకారం చేశాయో వాళ్లే చెప్పాలి. అలాంటివాళ్లని చూపించి మమ్మల్ని కొలిచేవాళ్లు, ఆ చక్రాల మీద నిలబడ్డ పిల్లలూ ముస్లింలేనని మర్చిపోతారు.

కిందటేడు మా పిల్ల చెయ్యి విరిగింది. కోచింగ్ వారానికి మూడు రోజులే. మిగతా రోజులు తెల్లారి ఐదింటికి హైవే పక్క సర్వీసు రోడ్డు మీద ప్రాక్టీసు. దగ్గర్లో ఇంకెక్కడుంది నేల? మేం బండి తోసుకున్న వాలు ఇప్పుడు కనబడనే కనబడదు. ఖాళీ జాగాలన్నీ ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. 2018లో ఎల్.బి.నగర్ దాకా మెట్రో వచ్చింది, తర్వాత ఫ్లైఓవర్లు వచ్చాయి. అన్నీ వచ్చాయి, బండ్లకి నున్నటి నేల వచ్చింది, పిల్లలకి రాలేదు. ఆ చీకట్లో కంకర లారీలోంచి రాలిన ఒక రాయి చక్రానికి తగిలింది. ముప్ఫై ఏళ్ల కిందట మమ్మల్ని పడేసిన రాయే అనుకోండి.

చెయ్యి కట్టుతో పిల్ల ఇంటికొచ్చిన రోజు చుట్టాలంతా వచ్చారు. పరామర్శకని వచ్చి తీర్పు చెప్పారు. దుల్హాభాయ్ కూడా, "ఇంక చాలు, పెద్దదవుతోంది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. ఎప్పుడూ నోరెత్తని ఆపా ఆరోజు లేచి నిలబడింది. "పన్నెండేళ్లకి నన్ను ఆపినప్పుడు ఎవ్వరూ కారణం చెప్పలే. దీన్ని ఆపాలంటే కారణం చెప్పి ఆపున్రి. ఆడపిల్ల అనేది కారణం కాదు. రోడ్డు మీద రాయి ఉందంటే చెప్పున్రి, రాయి తీసే ఉపాయం చేద్దాం" అంది. అమ్మీ తల దించుకుంది. కాసేపటికి, "నేను భయానికి ఆపిన బేటీ" అంది. ముప్ఫై ఏళ్లకి వచ్చిన జవాబు అది. ఆపా ఏమీ అనలేదు, అమ్మీ పక్కన కూచుంది.

ఇది ఉత్త సరదా కాదా, దీనికింత రాతెందుకని అడిగేవాళ్లకి రెండు మాటలు. ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌ని 2010లో గ్వాంగ్‌జౌలో మొదటిసారి పెడితే, అందులో రెండు కాంస్య పతకాలు తెచ్చింది మన హైదరాబాద్ అనూప్ కుమార్ యామా. ఒకటి ఒంటరిగా, ఒకటి అవనీ పంచాల్‌తో జంటగా. 2015లో అర్జున అవార్డు వచ్చింది. 2023లో హాంగ్‌జౌలో మూడువేల మీటర్ల రిలేలో మన ఆడపిల్లలు నలుగురు కాంస్యం గెలిచారు, మగపిల్లలూ గెలిచారు. 2025లో చైనాలోని బెయ్‌దైహేలో తమిళనాడు కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ ప్రపంచ చాంపియనే అయ్యాడు. అంటే ఈ దేశంలో కాళ్లున్నాయి. ఇక రెండో మాట. మా పిల్ల పతకం తేకపోయినా ఫరవాలేదు. పతకం తెస్తేనే మా పిల్లలు ఈ దేశం పిల్లలవుతారన్న షరతుకి మేం ఒప్పుకోం. పిల్ల ఆడుకోవాలి, అంతే. ఆడుకోవడానికి రుజువులు అడక్కూడదు.

ఇందిరాపార్క్‌కి మేం తర్వాత చాలాసార్లు పోయాం. రింకు కోసం కాదు, పక్కనున్న ధర్నాచౌక్‌కి. ఎన్నో అడగడానికి పోయాం: రిజర్వేషన్లు, ఉద్యోగాలు, న్యాయం. పిల్లలు ఆడుకునే నేల కావాలని మాత్రం ఎప్పుడూ అడగలేదు. అది చిన్న కోరిక అనుకున్నాం. ఇప్పుడు అడుగుతున్నాం.

పాతిక మీటర్ల వెడల్పు, యాభై మీటర్ల పొడవు. సందుల్లేని గట్టి నేల, చుట్టూ ఒక కమ్మీ, పైన నాలుగు దీపాలు. హయత్‌నగర్‌లోనో, ఆటోనగర్ పక్కనో. మా మొహల్లాలో మాకోసం ప్రత్యేకంగా వద్దు. అందరి పిల్లలూ వచ్చే చోట కావాలి. అందరి పిల్లలూ పడే చోట కావాలి. ఫారం మీద పేరు చూసి తల ఎత్తి అడిగే మనిషి అక్కడ ఉండకూడదు. పన్నెండో ఏట వాకిట్లోకి వచ్చి "ఇంక నక్కో" అనే గొంతు మా ఇంట్లో ఉండకూడదు. మొదటిది మీరు చూసుకోండి, రెండోది మేం చూసుకుంటాం.

మా పిల్ల చెయ్యి అతుక్కుంది. మళ్లీ పోతోంది. ఆపా వెంట ఒక చీపురు తీసుకుపోతోంది. పిల్ల బూట్లు కట్టుకునేలోపు సర్వీసు రోడ్డు మీద నూరు గజాలు తనే ఊడుస్తుంది. లారీవాళ్లు హారన్ కొట్టి నవ్వుకుంటూ పోతారు. ఆదివారం రాత్రి మా అబ్బా, పని మానేసి పదేళ్లయినా, పాత స్టీలు గిన్నెలో డీజిల్ పోసుకుని కూచుంటాడు. మనవరాలు చక్రాలు విప్పి ఇస్తుంటే బేరింగులు ఒక్కొక్కటే అందులో వేసి లెక్కబెడతాడు. పదహారు వచ్చేదాకా లేవడు.